ప్యూర్ డేటాలో సీపీయూని తినేస్తున్నది శబ్దమా, బొమ్మా?

[స్క్రీన్: స్లైడర్లు, నంబర్ బాక్సులు, శబ్దం స్థాయి చూపే వీయూ మీటర్లతో నిండిన ప్యాచ్. శబ్దం మధ్యమధ్యలో తెగుతోంది.]

విన్నారా? మధ్యలో చిటపటమంటోంది. ఇది ప్యూర్ డేటా, తెర మీద పెట్టెల్ని తీగలతో కలిపి శబ్దం తయారుచేసే ప్రోగ్రామ్. అలా కలిపినదాన్నే ప్యాచ్ అంటారు. ఈ ప్యాచ్‌లో శబ్దం చేసేవి నాలుగు ఆసిలేటర్లు, రెండు ఫిల్టర్లు, అంతే. ఇప్పుడున్న ఏ ల్యాప్‌టాప్‌కైనా ఇది పెద్ద పని కాదు. అయినా ఫ్యాన్ గిర్రున తిరుగుతూనే ఉంది.

నాకు మొదటిసారి ఇలా జరిగినప్పుడు ఫిల్టర్లనే అనుమానించాను. ఒక్కొక్కటీ తీసేస్తూ వచ్చాను. చివరికి వినడానికి ఏమీ మిగల్లేదు, ఫ్యాన్ మాత్రం ఆగలేదు. భారం ఉన్నది తెర మీద పరుగెడుతున్న అంకెల్లో. ఈ వీడియోలో దాన్ని ఎలా పట్టుకోవాలో, ఎలా తగ్గించాలో చేసి చూపిస్తాను.

[స్క్రీన్: రెండు పెట్టెలు. ఒకదానిలో 'లెక్క', రెండోదానిలో 'బొమ్మ'. మధ్యలో బాణాలు.]

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మిల్లర్ పకెట్ 1990లలో మొదలుపెట్టిన ఈ ప్యూర్ డేటా మనకు ఒకే ప్రోగ్రామ్‌లా కనిపిస్తుంది. నిజానికి నడిచేవి రెండు. శబ్దాన్ని లెక్కించేది ఒకటి, అది సీ భాషలో రాసింది. విండోలు గీసేది ఇంకొకటి, అది టికిల్-టీకే మీద నడుస్తుంది. ఈ రెండూ మాట్లాడుకునేది మామూలు అక్షరాల్లో. నంబర్ బాక్సులో అంకె మారిందంటే, 'ఫలానా విండోలో ఫలానా చోట ఉన్న అంకె తీసి ఇది పెట్టు' అని ఒక వాక్యం తయారై అవతలికి వెళ్తుంది. అవతలివాడు దాన్ని చదివి, అర్థం చేసుకుని, గీయాలి.

ఒక్క వాక్యమైతే పర్వాలేదు. సెకనుకి వందల్లో వెళ్తేనే చిక్కు.

శబ్దం వైపు గడువు ఎంత చిన్నదో చూడండి. ప్యూర్ డేటా మామూలుగా 64 శాంపిల్స్‌ని, అంటే శబ్దాన్ని ముక్కలుగా కొలిచిన విలువల్ని, ఒక బ్లాక్‌గా లెక్కిస్తుంది. శాంపిల్ రేటు 44,100 అయితే ఒక బ్లాక్ అంటే సుమారు 1.45 మిల్లీసెకన్లు. తెరకు పంపే వాక్యాలను రాసేది కూడా ఆ శబ్దం లెక్కించే త్రెడ్డే, అంటే రెండు పనులూ ఒకే వరసలో జరుగుతాయి. అది రాతపనిలో చిక్కుకుంటే బ్లాక్ ఆలస్యమవుతుంది. బఫర్‌లో దాచుకున్నది అయిపోగానే మీకు 'చిట్' అని వినిపిస్తుంది. ఆడియో సెట్టింగ్స్‌లో డిలే పెంచితే ఆ చప్పుడు తగ్గొచ్చు గానీ భారం అలాగే ఉంటుంది. అందుకే నేను ముందు డిలే జోలికి వెళ్లను.

[స్క్రీన్: టాస్క్ మేనేజర్. రెండు ప్రాసెస్‌లు పక్కపక్కన.]

ఇక అసలు పరీక్ష. టాస్క్ మేనేజర్ తెరవండి, లినక్స్‌లో అయితే టాప్ కమాండ్ చాలు. పీడీ అని ఒకటి, విష్ అనే పేరుతో మొదలయ్యేది ఇంకొకటి కనిపిస్తాయి. లెక్కించేది పీడీ, గీసేది విష్. విష్ ఎక్కువ తింటుంటే దోషం గీతల్లోనే ఉంది. మీడియా మెనూలో ఉండే లోడ్ మీటర్‌ని మాత్రం ఇక్కడ నమ్ముకోవద్దు. అది లెక్కించే ప్రాసెస్‌ని మాత్రమే కొలుస్తుంది, గీసేదాన్ని కొలవదు. మీటర్ తక్కువ చూపిస్తుంటే మెషీన్ ఎందుకు వేడెక్కుతోందని చాలామంది తికమకపడేది ఇక్కడే.

ఇంకో చిన్న పరీక్ష ఉంది. అంకెలు పరుగెడుతున్న సబ్‌ప్యాచ్, అంటే ప్యాచ్ లోపలి ప్యాచ్, విండోని మూసేయండి.

[స్క్రీన్: విండో మూయగానే విష్ అంకె పడిపోతుంది.]

చూశారా! మూసిన విండోలో ఉన్నవాటిని ప్యూర్ డేటా గీయదు. లెక్క మాత్రం నడుస్తూనే ఉంటుంది. కాబట్టి కదిలే అంకెలన్నీ సబ్‌ప్యాచ్‌లో పెట్టి మూసేయడం అన్నిటికంటే తేలికైన మందు. అయితే గ్రాఫ్-ఆన్-పేరెంట్ అనే సౌకర్యంతో పై ప్యాచ్ విండోలో కనిపించేలా పెట్టినవి గీస్తూనే ఉంటాయి, అది మర్చిపోవద్దు.

తెర మీద తప్పకుండా కనిపించాల్సినవి ఉంటాయి కదా. వాటికి వేగం తగ్గించాలి. మెట్రో అంటే నిర్ణీత సమయానికోసారి 'బ్యాంగ్' అనే సంకేతం కొట్టే ఆబ్జెక్ట్. మెట్రో 5, అంటే 5 మిల్లీసెకన్లకోసారి, పెట్టి విలువని నంబర్ బాక్సుకి పంపితే సెకనుకి 200 సార్లు మారుతుంది. ఆ అంకెల్ని ఏ కన్నూ చదవలేదు. 50 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకి 20 సార్లు మారితే చాలు.

[స్క్రీన్: ఫ్లోట్ ఆబ్జెక్ట్. కుడి ఇన్‌లెట్‌లోకి విలువ, ఎడమ ఇన్‌లెట్‌లోకి మెట్రో 50. కింద ఛేంజ్, దాని కింద నంబర్ బాక్స్.]

పరుగెడుతున్న విలువని ఫ్లోట్ కుడి ఇన్‌లెట్‌లోకి ఇవ్వండి. అక్కడ అది ఊరికే నిలవ ఉంటుంది, బయటికి రాదు. ఎడమ ఇన్‌లెట్‌లోకి మెట్రో 50 కొట్టే బ్యాంగ్ వచ్చినప్పుడే బయటపడుతుంది. కింద ఛేంజ్ పెడితే విలువ మారనప్పుడు అదీ ఆగిపోతుంది. ఒక్క జాగ్రత్త: శబ్దానికి వెళ్లే తీగని ఇందులోంచి పంపకండి. అది నేరుగా పూర్తి వేగంతోనే వెళ్లాలి. చూసే దారి వేరు, వినే దారి వేరుగా ఉండాలి. సాధారణంగా జనం నంబర్ బాక్సుని తీగ మధ్యలో పెట్టేస్తారు, అప్పుడు విడదీయడం కష్టమవుతుంది. దాన్ని పక్కకి కొమ్మలా వేలాడదీయండి.

వీయూ మీటర్‌కి ముందు ఉండి శబ్దం స్థాయిని కొలిచే ఎన్వ్ టిల్డా (env~) సంగతి కూడా ఇంతే. ఏమీ రాయకపోతే దాని విండో 1024 శాంపిల్స్, ప్రతి 512 శాంపిల్స్‌కి ఒక విలువ ఇస్తుంది. 44,100 దగ్గర అది సెకనుకి సుమారు 86. అలాంటి మీటర్లు ఎనిమిది ఉంటే దాదాపు 690. ఎన్వ్ టిల్డా పక్కన 4096 అని రాస్తే ఒక్కో మీటర్‌కి సెకనుకి 21 దగ్గరికి దిగుతుంది. మీటర్ కాస్త నిదానంగా కదులుతుంది, మిక్సింగ్‌కి నాకైతే అదే హాయిగా ఉంది.

[స్క్రీన్: వేవ్‌ఫామ్ గీస్తున్న అర్రే.]

అన్నిటికంటే బరువైనది ఇది, విలువల వరసని గ్రాఫ్‌గా చూపే అర్రే. శబ్దాన్ని అందులోకి రాసే ట్యాబ్‌రైట్ టిల్డా (tabwrite~) పని పూర్తయిన ప్రతిసారీ అర్రే మొత్తం మళ్లీ గీయాల్సి వస్తుంది. చూడటానికే అయితే కొన్ని వందల పాయింట్లు చాలు. రికార్డింగ్ దాచుకోవడానికే అయితే టేబుల్ ఆబ్జెక్ట్ వాడండి, మీరు క్లిక్ చేసి తెరిచేదాకా దాని బొమ్మ తెర మీదికి రాదు.

డీబగ్ చేస్తూ పెట్టి మర్చిపోయిన ప్రింట్ ఆబ్జెక్టుల్నీ వెతకండి. అవి మెయిన్ విండోలో లైను తర్వాత లైను రాయిస్తూనే ఉంటాయి.

వేదిక మీద వాయించేవాళ్లకి స్లైడర్లు, మీటర్లు అన్నీ కనిపించాల్సిందే అంటారా? అప్పుడు ప్యాచ్‌ని రెండుగా చేయండి. శబ్దం చేసేదాన్ని నోజీయూఐ (-nogui) ఆప్షన్‌తో కమాండ్ లైన్ నుంచి నడపండి, దానికి విండోనే ఉండదు. స్లైడర్లు ఉన్నదాన్ని ఇంకో ప్యూర్ డేటాలో తెరిచి, సందేశాలు పంపే నెట్‌సెండ్, అందుకునే నెట్‌రిసీవ్‌లతో కలపండి. తెర ఎంత తడబడినా శబ్దం తెగదు.

[స్క్రీన్: మొదటి ప్యాచ్ మళ్లీ. విష్ అడుగున ఉంది. పీడీ మాత్రం ఇంకా పైనే.]

ఇవన్నీ చేశాక కూడా పీడీ ప్రాసెస్ పైనే ఉంటే అప్పుడు ఫిల్టర్లని అనుమానించండి. మోగని వాయిస్‌లు ఉన్న సబ్‌ప్యాచ్‌లలో స్విచ్ టిల్డా (switch~) పెట్టి, దానికి సున్నా పంపండి, అప్పుడు వాటి లెక్క ఆగిపోతుంది.