‘సిన్స్’, ‘ఫర్’, ‘బై’, ‘అన్‌టిల్’: ఆఫీసు ఇంగ్లీషులో తెలుగువారు తడబడే చోట్లు

నమస్కారం. బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరి, మారతహళ్ళిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో పీజీలో ఉంటూ, మేనేజరుకు మెయిల్ పంపే ముందు ‘ఈ మాట సరైనదేనా’ అని ఆగి ఆలోచించే తెలుగువారి కోసం ఈ పాఠాన్ని సిద్ధం చేశాను.

ముందుగా తెరపై ఉన్న వాక్యాన్ని చూడండి: ‘ఐ యామ్ లివింగ్ ఇన్ బెంగళూరు సిన్స్ ఫైవ్ ఇయర్స్’. ఇది మన చెవికి ఎంతో సహజంగా వినిపిస్తుంది, కాని ప్రామాణిక ఇంగ్లీషులో ఇది తప్పు. కారణం మన భాషలోనే ఉంది. ‘2021 నుంచి ఉంటున్నాను’ అంటాము, ‘ఐదేళ్ళ నుంచి ఉంటున్నాను’ అని కూడా అంటాము. పని మొదలైన సమయానికీ, అప్పటినుంచి గడిచిన కాలానికీ మనకు ఒక్క ‘నుంచి’ సరిపోతుంది. ఇంగ్లీషులో మొదలైన సమయానికి ‘సిన్స్’, గడిచిన కాలానికి ‘ఫర్’ వాడాలి. కన్నడంలోని ‘ఇంద’, హిందీలోని ‘సే’ కూడా మన ‘నుంచి’ లాగానే రెండు పనులూ చేస్తాయి కనుక, బెంగళూరు ఆఫీసులలో పక్క సీటులోని వారు కూడా ఈ వాక్యాన్ని ఇలాగే అనే అవకాశం ఎక్కువ. అందువల్ల మన పొరపాటు మన దృష్టికి రాకుండానే ఏళ్ళు గడిచిపోతాయి.

దీనికి నేను చెప్పే పరీక్ష తెలుగులోనే ఉంది. ‘నుంచి’ తీసివేసి, ఆ చోట ‘గా’ చేర్చి చూడండి. ‘ఐదేళ్ళుగా ఉంటున్నాను’ అన్నప్పుడు వాక్యం చక్కగా కుదిరింది కనుక అక్కడ ‘ఫర్’ రావాలి. ‘2021గా’, ‘సోమవారంగా’, ‘చిన్నప్పటిగా’ అని ఎవరూ అనరు కనుక అక్కడ ‘సిన్స్’ రావాలి. క్రియ విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ‘ఉంటున్నాను’ అన్న మాటను బట్టి ‘ఐ యామ్ లివింగ్’ అనకూడదు. గతంలో మొదలై నేటికీ సాగుతున్న పని కనుక ‘ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ బెంగళూరు ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనాలి.

‘బై’, ‘అన్‌టిల్’ విషయంలో మాత్రం తెలుగు మనకు అండగా నిలుస్తుంది, ఎందుకంటే ‘లోపు’, ‘వరకు’ అనే భేదం మనకు ముందే తెలుసు. ‘నెలాఖరు వరకు ఇంట్లో ఉంటాను’ అన్నప్పుడు ఉండడం అన్నాళ్ళూ సాగుతుంది, అది ‘అన్‌టిల్’. ‘నెలాఖరులోపు ఇల్లు ఖాళీ చేస్తాను’ అన్నప్పుడు ఆ పని గడువు దాటకుండా ఒక్కసారి జరిగిపోతుంది, అది ‘బై’. ఇంటి యజమానికి ‘ఐ విల్ వెకేట్ అన్‌టిల్ ది థర్టీయెత్’ అని రాస్తే, ఖాళీ చేయడం అనే పని ముప్పయ్యో తేదీ వరకు సాగుతూనే ఉంటుందన్నట్లు వినిపిస్తుంది. ‘టిల్’ అన్నా ఇదే నియమం.

ఇక్కడ ఇంకొక సూక్ష్మం ఉంది. ‘బై ఫ్రైడే’ అంటే శుక్రవారం కూడా గడువులో భాగమే, ‘బిఫోర్ ఫ్రైడే’ అంటే గురువారంతోనే గడువు ముగుస్తుంది. మన ‘శుక్రవారంలోపు’ అన్న మాటలో ఈ స్పష్టత ఉండదు కనుక, క్లయింటుకు తేదీ చెప్పేటప్పుడు ఏది రాస్తున్నారో తప్పక సరిచూసుకోండి.

‘బారో’, ‘లెండ్’ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు: తీసుకునేవారు చేసేది ‘బారో’, ఇచ్చేవారు చేసేది ‘లెండ్’.

చివరగా ‘డౌట్’, ‘క్వశ్చన్’. మన ‘సందేహం’ అనే మాటలో తెలియనిది అడగడమూ ఉంది, నమ్మకం లేకపోవడమూ ఉంది. భారతీయ ఇంగ్లీషులో ‘డౌట్’ కూడా ఈ రెండు అర్థాలలోనూ వాడుకలో ఉంది, దానిని నేను తప్పు అనను. అయితే అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న క్లయింటుకు ‘ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ డిజైన్’ అని రాస్తే, ఆ డిజైన్ మీద మీకు నమ్మకం లేదని వారు అర్థం చేసుకోవచ్చు. వివరం అడగడమే మీ ఉద్దేశమైతే ‘ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ యువర్ డిజైన్’ అని రాయండి.