అంకె మనది ఆరు, వాళ్లది నాలుగు

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. పది నిమిషాల్లో ముగించమని అధ్యక్షులవారు చీటీ పంపారు, కాబట్టి పేరుపేరునా దండాలు పెట్టడం మానేసి నేరుగా లెక్కల్లోకి దిగుతున్నా, ఎవరూ ఏమీ అనుకోకండి.

నా విషయం చదువు మీద ప్రభుత్వాల ఖర్చు, మనదీ చైనాదీ; ఈ సభ చేయబోయే తీర్మానం కూడా దాని మీదే కదా. అమెరికాతో పోలిస్తే వాళ్లకు డబ్బుంది కదా అని తప్పించుకోవచ్చు. ఇక్కడ ఆ సాకు లేదు, 1990 ప్రాంతంలో తలసరి ఆదాయంలో రెండు దేశాలూ దాదాపు సమానం.

1985-86 కల్లా జాతీయాదాయంలో 6 శాతం చదువుకు పెట్టాలని కొఠారి విద్యా కమిషన్ 1966లోనే చెప్పింది. 1968 జాతీయ విద్యా విధానంలో అదే మాట, 1986లో అదే మాట, 2004లో యూపీఏ ప్రభుత్వ కనీస ఉమ్మడి కార్యక్రమంలో అదే, 2020 విధానంలోనూ అదే. ప్రభుత్వాలు మారాయి గానీ ఆ వాక్యం మారలేదండీ! మరి పెడుతున్నదెంత? ఆర్థిక సర్వే తిరగేస్తే 3 శాతం లోపు, విద్యాశాఖ లెక్క చూస్తే 4 దాటి ఉంటుంది, ఎందుకంటే మిగతా శాఖలు శిక్షణకు పెట్టే ఖర్చును కూడా విద్యాశాఖ కలిపేసుకుంటుంది. ఎవరికి ఏది కావాలంటే ఆ అంకె.

చైనా 1993లో, 2000 కల్లా 4 శాతం అనుకుంది. కుదరలేదు. 1994 పన్నుల సంస్కరణతో ఆదాయం బీజింగ్ చేతికి పోయింది, బడుల భారం మాత్రం కింది స్థాయి ప్రభుత్వాల నెత్తిన మిగిలింది, పల్లెల్లో టీచర్లకు నెలల తరబడి జీతాల్లేవు. కాబట్టి నేను చైనాను ఆకాశానికెత్తడానికి రాలేదు. కానీ 2001లో ఆ భారాన్ని వాటికంటే పైస్థాయిలో ఉండే కౌంటీలకు మార్చారు, 2006, 07ల్లో పల్లె బడుల్లో ఫీజులు ఎత్తేశారు, 2010లో గడువు మళ్లీ 2012 అని పెట్టుకున్నారు. ఈసారి డబ్బు ఎక్కణ్నుంచి తేవాలో కూడా తేల్చారు: పన్నుల మీద అదనంగా వేసే విద్యా సర్‌ఛార్జి విదేశీ కంపెనీలకూ వేశారు, స్థానిక సర్‌ఛార్జి 2 శాతం చేశారు, భూముల లీజు మీద ఖర్చులు పోగా మిగిలే ఆదాయంలో 10 శాతం చదువుకే అన్నారు. 2012లో 4.28 శాతం వచ్చింది. ఆ తర్వాత పదేళ్లు 4 కిందికి దిగలేదు.

మనకూ సెస్సు ఉందిగా అంటారు. ఉంది. కట్టే పన్ను మీద 2004లో 2 శాతం, 2007లో సెకండరీ, ఉన్నత విద్యల కోసం ఇంకో 1 శాతం, 2018లో ఆరోగ్యంతో కలిపి 4. ఆ 1 శాతం కింద పదేళ్లలో 80 వేల కోట్లకు పైగా వసూలు చేసి, దానికంటూ ఒక నిధి కూడా పెట్టలేదని ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ తప్పుపట్టింది. పైగా సెస్సులో రాష్ట్రాలకు వాటా లేదు, బడుల ఖర్చులో పెద్దభాగం మోసేది మాత్రం రాష్ట్రాలే.

ఇక్కడ నా గోడు ఒకటి చెప్పకుండా ఉండలేను. నేను హెడ్మాస్టరుగా ఉన్న బడికి స్కూల్ గ్రాంటు మార్చి ఆఖరి వారంలో పడేది. ఏడాదంతా సుద్దముక్కలూ రిజిస్టర్లూ అప్పు మీద తెచ్చుకోవాలి, డబ్బు పడగానే మార్చి 31 లోపు ఖర్చు చేసి యూసీ, అంటే డబ్బు వాడేశామన్న ధ్రువపత్రం, ఇవ్వాలి. ఒక ఏడు ఆడపిల్లల బాత్రూం తలుపు వానాకాలంలోనే ఊడిపోయింది. పిల్లలు బడిలో నీళ్లు తాగడం మానేశారు. తీరా గ్రాంటు వచ్చాక రెండ్రోజుల్లో తలుపు చేసిచ్చే వడ్రంగి దొరకలేదు, చివరికి రంగు డబ్బాలు కొన్నాం, వాటికైతే బిల్లు అప్పటికప్పుడు వస్తుంది మరి. ఆ రంగు కూడా జీడీపీ శాతంలో లెక్కకొచ్చే ఉంటుంది! నవ్వుతున్నారు గానీ, మీలో ఎంతమంది ఇలా రంగులు కొనలేదు చెప్పండి?

బెల్లు విన్నానండీ, ఒక్క మాట. ఇప్పుడు వాళ్ల తలసరి ఆదాయం మనకు సుమారు అయిదు రెట్లు, జనాభాలో పిల్లల వాటా మనకంటే తక్కువ. అంటే ఇద్దరూ 4 శాతమే పెట్టినా ఒక్కో పిల్లవాడికి చేరేది ఎక్కడా పొంతన లేనంత తేడా. అందుకే మన తీర్మానంలో ఉత్త 6 శాతం అని రాయొద్దంటున్నా. ఏ పన్నులోంచి ఇస్తారు, బడికి ఏ నెలలో వేస్తారు అనే రెండు ప్రశ్నలూ చేర్చాలని ప్రతిపాదిస్తున్నాను. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. వెనక వరుసవాళ్లు కూడా.