నీళ్లలో నిలబడ్డ ఫ్లెమింగో ఎంత ఎత్తులో ఉంది?

శ్రోతలందరికీ నమస్కారం.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. చలికాలంలో ఆ దారిన వెళ్తే లోతు లేని నీళ్లలో ఫ్లెమింగోలు గుంపులుగా కనిపిస్తాయి. ఎన్నిసార్లు చూసినా బండి ఆపి దిగాలనిపించే చోటు అది. ఆ గుంపులో ఒక పక్షి వీపు మీద చిన్న జీపీఎస్ ట్యాగ్ ఉందనుకుందాం. పక్షి ఎగరడం లేదు. తల వంచి, ముక్కు నీళ్లలో పెట్టి మేస్తోంది. దాని ట్యాగ్ పంపిన ఎత్తు చూస్తే మైనస్ 80 మీటర్ల కంటే కిందికి ఉంది.

పక్షి మునిగిపోలేదు. ట్యాగ్ పాడైపోలేదు. మరి ఆ మైనస్ ఎక్కడిది?

రైల్వే స్టేషన్లో ఊరి పేరున్న పసుపు బోర్డు మీద, అడుగున చిన్న అక్షరాల్లో సముద్రమట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. మనకు తెలిసిన ఎత్తు అదే. జీపీఎస్ మాత్రం సముద్రాన్ని చూసి కొలవదు. భూమిని రెండు ధ్రువాల దగ్గర కాస్త నొక్కిన నున్నటి బంతి అనుకుని, ఆ ఊహా బంతి ఉపరితలం నుంచి లెక్క కడుతుంది. అసలు సముద్రం అంత నున్నగా లేదు. భూమి ఆకర్షణ అన్ని చోట్లా ఒకేలా ఉండదు కాబట్టి నీటిమట్టం కూడా ఒకచోట పైకి, ఒకచోట కిందికి ఉంటుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద పల్లం మన పక్కనే, శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉంది. అక్కడ సముద్రమట్టం ఆ ఊహా బంతి కంటే సుమారు 106 మీటర్లు కింద ఉంటుంది. దాని ప్రభావం మన దాకా ఉంది. హైదరాబాద్ దగ్గర తేడా సుమారు 75 మీటర్లు, పులికాట్ దగ్గర 80కి పైనే. కొన్ని పరికరాలు ఈ తేడాను తామే సరిచేసి పంపుతాయి, కొన్ని సరిచేయకుండానే పంపుతాయి. ఇది తెలిసిన తేడా, స్థిరమైన తేడా. కలిపేస్తే సరిపోతుంది.

కలిపేశాం. పక్షి ఇంకా అక్కడే ఉంది, నీళ్లలోనే. ఇప్పుడు ట్యాగ్ ఐదుసార్లు ఎత్తు పంపింది. మైనస్ 12, ప్లస్ 5, మైనస్ 3, ప్లస్ 9, ప్లస్ 1. మళ్లీ మైనస్‌లు వచ్చాయి. ఉపగ్రహాలన్నీ మన తల పైనే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు. అందుకే తూర్పు పడమరల లెక్క కంటే ఎత్తు లెక్క ఎక్కువగా తప్పుతుంది. పైగా బ్యాటరీ ఆదా కోసం ట్యాగ్ గంటకోసారి లేచి, ఒక్క కొలత తీసుకుని నిద్రపోతుంటే ఆ తప్పు ఇంకా పెరుగుతుంది.

ఆ ఐదు అంకెలూ కూడి చూడండి. సున్నా వస్తుంది. పక్షి ఉన్నది సున్నా దగ్గరే. ఇప్పుడు నేల కింద ఎగిరే పక్షి ఉండదు కదా అని మైనస్‌లు రెండూ కొట్టేయండి. 5, 9, 1 మిగిలాయి. సగటు 5 మీటర్లు. నీళ్లలో నిలబడి మేస్తున్న పక్షిని మనం కాగితం మీద 5 మీటర్ల పైకి ఎగరేశాం! మైనస్ 12 ఎంత తప్పో, ప్లస్ 9 కూడా దాదాపు అంతే తప్పు. ఒకటి మన కంటికి తప్పుగా కనిపించింది, రెండోది నిజంలా కనిపించింది, అంతే తేడా. మైనస్‌లను తీసేస్తే తప్పు పోదు, ఒక వైపుకే ఒరుగుతుంది.

ఇది నాకు ఎందుకింత పట్టింపు అంటే, ఈ అంకెల మీద నిర్ణయాలు నిలబడతాయి. అనంతపురం జిల్లా కొండల మీద గాలిమరలు చూసే ఉంటారు. కొత్తగా ఒక చోట గాలిమర పెట్టాలంటే, అక్కడి పక్షులు ఆ మర రెక్కలు తిరిగే ఎత్తులో ఎంతసేపు ఎగురుతున్నాయన్నది పెద్ద ప్రశ్న. తక్కువ ఎత్తులో ఎగిరే గద్దను లెక్కలో పైకి నెట్టేసినా, రెక్కల మధ్యలోంచి పోయే గద్దను ఇంకా పైకి నెట్టేసినా జవాబు మారిపోతుంది. గద్ద ప్రాణం మీదికి వచ్చే లెక్క అది.

జీపీఎస్ వద్దు, గాలి పీడనంతో ఎత్తు కొలుద్దాం అంటారు కొందరు. మంచి పద్ధతే. సముద్రమట్టం దగ్గర 8 మీటర్లు పైకి వెళ్తే పీడనం సుమారు ఒక మిల్లీబార్ తగ్గుతుంది. కానీ బంగాళాఖాతంలో అల్పపీడనం అని మన రేడియోలోనే వింటుంటారు కదా! వాతావరణం మారి పీడనం 5 మిల్లీబార్లు పడిపోతే, ట్యాగ్ లెక్కలో పక్షి 40 మీటర్లు పైకి లేచినట్టే. పక్షి మాత్రం అక్కడే ఉంది, నీళ్లలోనే. దగ్గర్లో నేల మీద ఇంకో పీడన మాపకం పెట్టి, దాని లెక్కతో సరిచూసుకుంటూ ఉండాలి.

పక్షుల మీద పని చేయాలనుకునే విద్యార్థులు ఇది వింటుంటే, ఒక్క పని చేయండి. ట్యాగ్‌ను పక్షికి కట్టే ముందు, ఎత్తు కచ్చితంగా తెలిసిన డాబా మీద ఒక రోజంతా ఉంచండి. పక్షి వీపు మీద ఎన్ని నిమిషాలకోసారి కొలవాలో ఇక్కడా అలాగే కొలవనివ్వండి. అంకెలు సగటున ఎటు జరిగాయో, ఎంత చెదిరాయో రాసుకోండి. కదలని ట్యాగ్ ఎంత చెదిరిందో తెలిస్తే, తర్వాత గణాంక పద్ధతులతో పక్షి కదలికను, పరికరం తప్పును వేరు చేయడానికి దారి దొరుకుతుంది. ఆ కాగితాన్ని పక్షి వివరాలతో పాటే దాచండి, మైనస్‌లు కూడా ఉన్నవి ఉన్నట్టుగా. ఎత్తు పక్కన అది సముద్రమట్టం నుంచా, జీపీఎస్ బంతి నుంచా, కింద ఉన్న నేల నుంచా అన్నది కూడా ఒక మాట రాయండి.

నమస్కారం.