చెలమ నీళ్లలో పేరు లేని ప్రాణులు

శ్రోతలందరికీ నమస్కారం అండి.

మాది నాగావళి ఒడ్డున పల్లె. చిన్నప్పుడు ఎండాకాలం వచ్చిందంటే ఏరు సన్నటి పాయలా మిగిలిపోయేది, అప్పుడు మా అమ్మమ్మ బిందె చంకన పెట్టుకుని ఇసుకలోకి దిగి చేత్తోనే మోచేతి లోతున చెలమ తవ్వేది, మొదట ఊరిన మురికినీళ్లు రెండు మూడుసార్లు చెంబుతో తోడి పారబోసేది, నేను దాహం ఆగక దోసిలి పెట్టబోతే "ఒరే గుంటడా, తేరనీరా, అప్పుడే ముంచీకు" అని కసిరేది. తేరిన నీళ్లని పాత పంచెగుడ్డ మడతపెట్టి బిందెలోకి వడకట్టేది. గుడ్డ మీద మిగిలిందేదో ఉంటే దులిపేసేది, అంతే. ఇవాళ నేను చెప్పేదంతా ఆ దులిపేసిన దాని గురించే.

జువాలజీ చదివేటప్పుడు తెలిసింది, ఏటి ఇసుకలో గుంట తవ్వి, ఊరిన నీటిని సన్నటి వలలో వడకట్టి, అందులో బతికే జీవుల్ని పట్టే పద్ధతి ఒకటుందని, దాన్ని కరమన్-షాపుయి పద్ధతి అంటారని, యూరప్‌లో ఇద్దరు శాస్త్రవేత్తల పేర్లు అవి. ఇది మా అమ్మమ్మ చెలమే కదా అని ఆ రోజు క్లాసులో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తేడా ఒక్కటే, మనవాళ్లు నీళ్లు ఉంచుకుని గుడ్డ మీది దాన్ని పారేశారు, వాళ్లు నీళ్లు పారబోసి వల మీది దాన్ని దాచుకున్నారు.

ఇంతకీ ఏముంటాయి అందులో అంటే, రొయ్యలకీ పీతలకీ చుట్టాలండీ, క్రస్టేషియన్లు అనే గుంపు. కాకపోతే వాటిలో కోపిపాడ్లు అనే చిన్న రకం ఉంది, ఇసుకలో ఉండేవి కొన్ని అర మిల్లీమీటరు కూడా ఉండవు, రెండు ఇసుక రేణువుల మధ్య ఉండే సందే వాటికి వీధి, అందుకే ఒళ్లు సన్నగా పురుగులా సాగిపోయి ఉంటుంది, చీకట్లో బతుకు కాబట్టి కళ్లుండవు, రంగూ ఉండదు. అదే బందల్లో చెరువుల్లో ఉండే సైక్లాప్స్ అనే కోపిపాడ్‌కి నుదుటి మీద ఒక ఎర్రటి కన్ను ఉంటుంది, గాజుగ్లాసులో చెరువు నీళ్లు పట్టి ఎండకి ఎత్తి చూస్తే చుక్కల్లా గెంతుతూ కనబడేవాటిలో ఇవీ ఉంటాయి, ఆడదైతే తోకకి అటొకటి ఇటొకటి రెండు గుడ్ల సంచులు. పాతతరం వాళ్లకి నారికురుపు గుర్తుండే ఉంటుంది, కాల్లోంచి దారంలా పురుగు బయటికొచ్చేది, ఆ పురుగు పిల్లని మోసుకొచ్చింది ఈ సైక్లాప్సే, నీళ్లు గుడ్డలో వడకట్టుకు తాగండని ఊరూరా చెప్పి చెప్పి, చివరికి 2000లో మన దేశానికి నారికురుపు పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ పంచెగుడ్డ ఎంత పని చేసిందో చూడండి.

సరే, వలలో ఒకటి పడింది, అది కొత్త జాతి అని ఎలా తెలుస్తుంది? ఇక్కడే అసలు ఓపిక కావాలి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. గాజుపలక మీద ఒక చుక్క గ్లిజరిన్ వేసి, అందులో ఆ ప్రాణిని పెట్టి, మైక్రోస్కోపు కింద వెంట్రుకంత సూదులతో కాళ్లు ఒక్కో జతా విడదీయాలి, ఊపిరి కూడా పక్కకి తిప్పుకుని వదలాలి, ఒక్క కాలు జారిపోతే గంటల పని పోయినట్టే. చెరువుల్లో దొరికే డయాప్టోమస్ అనే కోపిపాడ్ రకాల్లో మగదాని ఐదో జత కాలు చూడాలి, ఇసుకలో ఉండే పారాస్టెనోకారిస్ రకాల్లోనైతే మగదాని మూడో జత కాలు, అది ఆడదాన్ని పట్టుకోడానికి కొక్కెంలా మారి ఉంటుంది, ఆ కొక్కెం వంపూ దాని మీది ముల్లూ జాతికో రకంగా ఉంటాయి. కాలి మీద ఎన్ని వెంట్రుకలున్నాయో, ఏది పొడుగో ఏది పొట్టో లెక్కపెట్టి, బొమ్మ గీసి, ఇదివరకు వర్ణించిన వాటన్నిటితో పోల్చుకోవాలి. అప్పుడు పేరు పెట్టి పత్రికలో అచ్చువేస్తారు, ఏ ఒక్క ప్రాణిని చూసి ఆ పేరు పెట్టారో దాన్ని హోలోటైప్ అని మ్యూజియంలో భద్రపరుస్తారు, రేపు ఎవరికి అనుమానం వచ్చినా వెళ్లి దాన్నే చూస్తారు.

ఈ పని మన రాష్ట్రంలో ఎంతో శ్రద్ధగా చేసినాయన గుంటూరు నాగార్జున యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన వై. రంగారెడ్డి గారు. ఏటి ఇసుకలూ, బోరుబావులూ, గుహలూ వెతికి ఎన్నో కొత్త జాతుల్ని లోకానికి చూపించారు. గాయత్రి అని ఒకదానికి పేరు, గోదావరి అని ఇంకోదానికి. మనకి దగ్గర్లో బొర్రా గుహల నీళ్లలో దొరికిన ఒకదానికి బొర్రాయెన్సిస్ అని పెట్టారు, అది క్రస్టేషియన్లలోనే బాతినెల్లా అనే గుంపుకి చెందింది, ఆ గుంపులో మొట్టమొదటిది ప్రాగ్ నగరంలో ఒక బావిలో దొరికింది, దాన్ని 1882లో వర్ణించారు. విజయనగరం వాళ్లు, శ్రీకాకుళం వాళ్లు ఎన్నిసార్లు పిక్నిక్‌కి వెళ్లుంటాం బొర్రాకి!

ఇసుక జీవులు ఈది ఇంకో ఏటికి పోలేవు, గాలిలో ఎగరలేవు. అందుకని ఒక్కో ఏటికి దానికే సొంతమైన జాతులు ఉండే అవకాశం ఎక్కువ. వంశధారలోంచీ నాగావళిలోంచీ రాత్రనక పగలనక లారీలు ఇసుక ఎత్తుకుపోతుంటే నాకు గుండెల్లో గుబులుగా ఉంటుంది. ఇల్లు కట్టుకోడానికి ఇసుక కావాలి, కాదనను. కానీ యంత్రాలు పెట్టి ఏటి అడుగుదాకా గోకేస్తే, అందులో ఉన్నవాటికి ఒక పేరు పెట్టే లోపే అవి ఉండవు, ఉన్నాయని కూడా ఎవరికీ తెలీదు.

పిల్లలున్న ఇళ్లలో ఒక పని చేసి చూడండి. ఎండిపోయి నెర్రెలిచ్చిన బందలోంచి గుప్పెడు మట్టి తెచ్చి, వాననీళ్లు పోసిన సీసాలో వేసి, కిటికీ దగ్గర వారం పది రోజులు ఉంచండి, కదపకండి. ఎండుమట్టిలో ఇలాంటి చిన్న ప్రాణుల గుడ్లు ఏళ్ల తరబడి నిద్రపోతాయి, తడి తగిలితే లేస్తాయి. నార్వేలో సార్స్ అనే ఆయన ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఎండుమట్టిని ఇలాగే నీళ్లలో వేసి, అందులోంచి పుట్టిన వాటిని చూసి కొత్త జాతుల్ని వర్ణించాడు, ఆ చెరువుల గట్టు ఎక్కకుండానే.

నేను మాత్రం వచ్చే వేసవికి మా విద్యార్థుల్ని నాగావళికి తీసుకెళ్తున్నాను, చెలమ తవ్వడం వాళ్లలో ఒక్కరికీ రాదు, ముందు అది నేర్పాలి. నీళ్లు తేరేదాకా ఆగమని చెప్పాలి.

సెలవండి, నమస్కారం.