మామయ్యగారి గాలం, టెక్సస్ లైసెన్స్

వదిన: నమస్కారమండీ. డాలస్ నుంచి మీ వదినా మరుదుల పాడ్‌కాస్ట్. ఈసారి చేపల పులుసు సంగతి కాదు, చేప గాలానికి పడకముందు జరిగే గోల. పోయిన నెల మా మామయ్యగారు చెరువు గట్టున దోషిలా నిలబడాల్సి వచ్చింది. నిలబెట్టింది ఇదిగో, ఈయన.

మరిది: తప్పు నాదే వదినా. నాన్నకి 68. కోనసీమ పంట కాలవల్లో గాలం వేసుకుంటూ పెరిగిన మనిషి. ఇక్కడ రెండు నెలలు టీవీ ముందు కూర్చుని విసిగిపోయారు. 65 దాటితే చేపలు పట్టడానికి లైసెన్స్ అక్కర్లేదని ఎప్పుడో ఎవరో అన్న గుర్తు. తీసుకెళ్లిపోయాను.

వదిన: ఎవరో అన్నారట!

మరిది: గేమ్ వార్డెన్, అంటే వేట, చేపల రూల్స్ చూసే అధికారి వచ్చాడు, మర్యాదగానే అడిగాడు. నా లైసెన్స్ ఫోన్‌లో చూపించాను. మనవడికి పదకొండేళ్లు కాబట్టి వాడి జోలికి పోలేదు. నాన్న వైపు తిరిగి "సర్, మీది?" అన్నాడు. అప్పుడు నాన్న నన్ను చూసిన చూపు ఉంది చూడండి...

వదిన: ఫైన్ వేశాడా?

మరిది: హెచ్చరించి వదిలేశాడు. వేస్తే 25 నుంచి 500 డాలర్ల దాకా వేయొచ్చు. ఇంటికొచ్చాక రూల్స్ కూర్చుని చదివాను. 17 నిండని పిల్లలకి లైసెన్స్ అక్కర్లేదు, టెక్సస్ వాళ్లైనా, చుట్టపుచూపుగా వచ్చిన వాళ్లైనా. పెద్దవాళ్ల దగ్గరే మెలిక. వయసు వల్ల పూర్తి మినహాయింపు ఉన్నది 1931 జనవరి 1కి ముందు పుట్టిన టెక్సస్ వాళ్లకి.

వదిన: అంటే తొంభై దాటిన వాళ్లకా! మరి 65?

మరిది: 65 దాటిన టెక్సస్ వాళ్లకి రాయితీ మాత్రమే. చెరువులు, నదుల్లో పట్టే మంచినీటి లైసెన్స్ మామూలుగా 30 డాలర్లు, సీనియర్‌కి 12. అదీ ఇక్కడి నివాసి అయితేనే. నివాసి అంటే లైసెన్స్ కొనే ముందు వరసగా ఆరు నెలలకి పైగా టెక్సస్‌లో ఉండాలి.

వదిన: విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి మామూలుగా ఇచ్చేదే ఆరు నెలలు కదయ్యా. ఇంక ఆరు నెలలు దాటేదెప్పుడు, నివాసి అయ్యేదెప్పుడు?

మరిది: అదే నేను చూసుకోలేదు. 65 అనగానే మన ఆర్టీసీ బస్సు రాయితీలా వయసు ఒక్కటే చూస్తారనుకున్నా. ఇంకో తమాషా, పక్కనున్న ఓక్లహోమా తాతకి 65 దాటితే టెక్సస్‌లో లైసెన్స్ అక్కర్లేదు. కోనసీమ తాతకి మాత్రం కావాలి. ఏడాదిది 58 డాలర్లు, ఒక్క రోజుది 16.

వదిన: ఏడాదిది కొందామన్నావు కదా?

మరిది: ఆగస్టు 31తో అయిపోతుంది వదినా. ఎప్పుడు కొన్నా ఏడాది లెక్క పోయిన సెప్టెంబర్ 1 నుంచే. జూలైలో కొంటే డబ్బులు చెరువులో పోసినట్టే. కొత్తగా ఉద్యోగానికి వచ్చిన మనవాళ్లకీ మొదటి ఆరు నెలలు బయటివాళ్ల రేటే. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు మా లెక్క పట్టుకుని వెళ్లొద్దు. కాలిఫోర్నియాలో 16 నిండితే కావాలి, కానీ సముద్రం మీది పబ్లిక్ పియర్ల (నీళ్లలోకి వంతెనలా కట్టిన కట్టడాల) దగ్గర ఎవరికీ అక్కర్లేదు. ఫ్లోరిడాలో 65 దాటిన అక్కడి నివాసులు వయసుకీ, నివాసానికీ రుజువు చూపిస్తే చాలు.

వదిన: మరి మామయ్యగారికి లైసెన్స్ కొనకుండా దారేం లేదా?

మరిది: రెండున్నాయి. జూన్ మొదటి శనివారం ఫ్రీ ఫిషింగ్ డే, ఆ రోజు ఎవరికీ లైసెన్స్ అక్కర్లేదు. రెండోది మాకు బాగా కలిసొచ్చింది. స్టేట్ పార్కులో గట్టు మీద నుంచో, పియర్ మీద నుంచో గాలం వేస్తే ఏ వయసు వాళ్లకైనా, ఏ ఊరి వాళ్లకైనా లైసెన్స్ వద్దు. పడవ ఎక్కితే మాత్రం మామూలుగా కావాలి. మనకి సీడర్ హిల్ స్టేట్ పార్కు దగ్గర. చాలా పార్కుల్లో గాలం కర్ర కూడా అరువిస్తారు.

వదిన: ఆ కర్ర చూసి మామయ్యగారు నవ్విన నవ్వు! బెండు లేదు, వానపాము లేదు, ఈ ప్లాస్టిక్ పురుగుని ఏ చేప తింటుందన్నారు.

మరిది: తిన్నదిగా! లార్జ్‌మౌత్ బాస్ పడింది, పన్నెండు అంగుళాలుంటుంది. మామూలుగా 14 అంగుళాలకి తక్కువైతే ఉంచుకోకూడదు. లైసెన్స్ మినహాయింపు ఉన్నా ఆ కొలతకి మినహాయింపు లేదు. నాన్నకి అది మింగుడు పడలేదు. "పట్టిన చేపని మళ్లీ నీళ్లలో వదలడమేంట్రా, నీకేమైనా మతి పోయిందా" అని.

వదిన: చివరికి వదిలారుగా.

మరిది: మనవడు వదిలించాడు. కారెక్కాక మళ్లీ మొదలు. "లైసెన్స్ వద్దన్నావు, మరి గేటు దగ్గర డబ్బులెందుకు కట్టావురా?" అని.