చీటీలో టాప్ సీడ్ వచ్చాడు

అందరికీ నమస్కారం.

తిరునాళ్లలో బండలాగుడు చూడనివాళ్లు మన అనంతపురం జిల్లాలో తక్కువే. మా ఊళ్లో ఏ జత ఎప్పుడు దిగాలో చీటీలు తీసి తేలుస్తారు. పొద్దున్నే పేరొచ్చిన రైతు మీసం దువ్వుతాడు. మిట్టమధ్యాహ్నం వచ్చినాయన ఎండను తిట్టుకుంటాడేగానీ చీటీని అనడు. చెంబులో వేసి కుదిపిందీ, చిన్నపిల్లతో తీయించిందీ ఆయన కళ్లముందే కదా.

టెన్నిస్‌లో ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే డ్రా కూడా ఇలాంటిదే. కాకపోతే అన్ని చీటీలూ ఒకే చెంబులో పడవు. వింబుల్డన్ లాంటి పెద్ద టోర్నీని గ్రాండ్‌స్లామ్ అంటారు, అందులో 128 మంది ఆడతారు. వాళ్లలో 32 మంది సీడ్‌లు, అంటే మొదటి రౌండ్‌లో ఒకరికొకరు తగలకుండా ముందే నంబర్లిచ్చి విడదీసిన మేటి ఆటగాళ్లు. ఒకటో సీడ్ పట్టిక పైన, రెండో సీడ్ అడుగున. ఫైనల్ దాకా వాళ్లిద్దరూ ఎదురుపడరు. మిగతా 96 మందిదే అసలైన చీటీ.

2010లో స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు నాదల్ ఫౌండేషన్ ఇక్కడ అనంతపురంలో టెన్నిస్ బడి పెట్టినప్పటి నుంచి ఆయన మనకు సగం ఊరివాడే. 2024 ఫ్రెంచ్ ఓపెన్‌లో ఆయనకు సీడ్ లేదు. అక్కడ 14 సార్లు గెలిచిన మనిషికి మొదటి రౌండ్‌లోనే నాలుగో సీడ్ జ్వెరెవ్ పడ్డాడు, నాదల్ ఓడిపోయాడు. కుట్ర అన్నవాళ్లు మనలోనూ ఉన్నారు. లెక్క చూడండి. 96 మందిలో నలుగురికి మొదటి నాలుగు సీడ్‌లు తగలాల్సిందే. అంటే 24లో ఒక వంతు. అరుదే, కానీ వింత కాదు.

ఇంకో ముచ్చట. 2010 వింబుల్డన్ మొదటి రౌండ్‌లో ఇస్నర్, మహూ మూడు రోజులపాటు 11 గంటల 5 నిమిషాలు ఆడారు. మరుసటి ఏడాది మళ్లీ మొదటి రౌండ్‌లో వాళ్లిద్దరే! ఈసారి ఇద్దరికీ సీడ్ లేదు. సీడ్ లేని 96 మందిని జతకడితే 4,560 జతలు. వాటిలో మొదటి రౌండ్‌కి వచ్చేవి 32. అంటే సుమారు 142లో ఒకటి. తిరుమల ఎలక్ట్రానిక్ డిప్‌లో పేరొస్తే స్వామి పిలిచాడంటాం. ఇక్కడ ఎవరు పిలిచారనుకోవాలో మరి!

అసలు గొడవ 1996 యూఎస్ ఓపెన్‌లో జరిగింది. సీడ్‌లు ప్రకటించకముందే మగవాళ్ల డ్రా తీసేశారు. పైగా సీడింగ్ ర్యాంకుల ప్రకారం లేదు. ఆటగాళ్లు ఊరుకోలేదు, డ్రా మళ్లీ తీయాల్సివచ్చింది. నాలుగో ర్యాంకు కఫెల్నికోవ్‌కి ఏడో సీడ్ ఇచ్చారు. ఆయన అలిగి ఆడకుండానే వెళ్లిపోయాడు. అక్కడ మోసం జరిగిందని నేననను. కానీ ఎవరూ చూడని చీటీని ఎవరు నమ్ముతారు?

మావాడు అండర్-14 ఆడిన ఒక టోర్నీలో పొద్దున్నే డ్రా షీట్ గోడకు అంటించి ఉంది. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో చెప్పే దిక్కు లేదు. మొదటి మ్యాచే టాప్ సీడ్‌తో. అడిగితే "లక్ సార్" అన్నారు. 32 మంది, 8 సీడ్‌లు. సీడ్ లేని 24 మందిలో ఒకరికి టాప్ సీడ్ పడాలి. నాదల్‌కి ఉన్న వంతే మావాడికీ. నిజంగా లక్కే అయ్యుండొచ్చు. అయినా నెల రోజులు నాకు అన్నం సయించలేదు.

ఆ తర్వాతి టోర్నీకి ముందురోజే వెళ్లి కూర్చున్నా. స్టీలు డబ్బాలో చీటీలు, తీసింది బంతులందించే పాప. ఒక్కోటి విప్పి అందరికీ చూపించింది. మావాడికి మళ్లీ టాప్ సీడే! ఇద్దరం పగలబడి నవ్వాం. తర్వాత వాడు రాకెట్‌కి కొత్త గ్రిప్ చుట్టుకుంటూ, "నాన్నా, వాడి బ్యాక్‌హ్యాండ్ ఎట్లుంటుంది?" అన్నాడు.