ఆచూకీ బయటపెట్టడం
(నెల్లూరులో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

విద్యార్థులారా, అధ్యాపక మిత్రులారా, నమస్కారం.

‘డాక్సింగ్’ అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. ఒకరి పేరు, ఇల్లు, ఫోను నంబరు, పనిచేసే చోటు వారి అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టి, జనాన్ని వారి మీదికి ఉసిగొల్పడాన్ని అలా అంటారు. 1990లలో మారుపేర్లతో మసలే హ్యాకర్ల మధ్య ఇది వాడుకలోకి వచ్చింది. ఇద్దరికి చెడితే, ఒకరి అసలు పేరూ ఊరూ తెలిపే పత్రాలను మరొకరు బయటపడేసేవారు. ‘డాక్యుమెంట్స్’ కుదించుకుపోయి ‘డాక్స్’ అయింది.

దీన్ని తెలుగులో ‘గుట్టు రట్టు చేయడం’ అందామా అని చాలా ఆలోచించాను. కుదరలేదు. గుట్టు అంటే దాచుకున్నది. మూలాపేటలో మీ ఇల్లు ఎక్కడో పాలు పోసే ఆమెకు తెలుసు, వీధి చివర ఇస్త్రీ చేసే ఆయనకూ తెలుసు. దాన్ని మీరు దాచలేదు, దాచనక్కరలేదు. అదే చిరునామా మీ మీద మండిపడుతున్న వేలమంది అపరిచితుల చేతికి చేరితే? ‘నా దగ్గర దాచడానికి ఏముంది’ అనేవారు ఇక్కడే పొరబడుతున్నారు.

మన రొట్టెల పండుగనే తీసుకోండి. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, సంతానం రొట్టె కావాలనో ఉద్యోగం రొట్టె కావాలనో ముక్కూమొహం తెలియనివారిని అడుగుతాం. కోరిక తీరినవారు తెచ్చిన రొట్టెను కోరిక ఉన్నవారు అందుకుంటారు. ఇంట్లో నోరు విప్పని మనిషి కూడా అంత జనంలో తన కొరత చెప్పుకోగలుగుతుంది. ఆ మాట చెరువు గట్టు దాటదన్న నమ్మకం ఆమెది. సంతానం రొట్టె అందుకుంటున్న ఒక కోడలి ఫొటో తీసి, పేరు, వీధి, భర్త పనిచేసే దుకాణం రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టారనుకోండి. ఆమె అందరి ముందే అడిగింది కదా అని ఎవరైనా సమర్థిస్తే నేను ఒప్పుకోను.

అందుకే నాకు ‘ఆచూకీ బయటపెట్టడం’ అన్నదే సరైన తెలుగు అనిపిస్తుంది. తప్పిపోయినవారి కోసం, నేరస్థుల కోసం ‘ఆచూకీ తెలపండి’ అని ప్రకటిస్తారు. ఏ నేరమూ చేయని మనిషిని వేటాడదగిన మనిషిగా నిలబెట్టడమే డాక్సింగ్. అధికారి లంచం తీసుకుంటే రాయండి, తప్పకుండా రాయండి. ఆయన కూతురు చదివే బడి పేరు మాత్రం అందులోకి రాకూడదు.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. మన చట్టాల్లో డాక్సింగ్ పేరుతో విడిగా సెక్షన్ లేదు. వెంటపడి వేధిస్తే, బెదిరిస్తే మాత్రం భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది.

మీకే ఇలా జరిగితే, ఆ పోస్టును తీయించే తొందరలో ఆధారం పోగొట్టుకోకండి. ముందు తేదీ, ఖాతా పేరు, లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. తర్వాత పోస్టును తొలగించమని ఆ వేదికకు ఫిర్యాదు చేయండి. ఆ స్క్రీన్‌షాట్లతో పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. ఒంటరిగా వెళ్లకండి, ఇంట్లోవారినో స్నేహితులనో వెంటబెట్టుకోండి.